తలా ఒక మంచం మంచు

ఓడ, రెండో అంతస్తు, నా గది
మంచు సముద్రం

వదినా,

నీ ఉత్తరం సరుకుల హెలికాప్టరులో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని వచ్చింది. విప్పకముందే కళ్ళనీళ్ళు తెప్పించింది. ఈ ఓడలో నెట్టు సైంటిస్టుల లెక్కలకే గాని మన కబుర్లకి కాదట. అందుకని నెలకోసారి ఇలా కాగితాలు ఖరాబు చేసుకోవాల్సిందే.

ఇక్కడ నా ఉద్యోగం ఏమిటని అడిగావు. నవ్వనంటే చెబుతాను. మంచుకి కన్నాలు పెట్టడం. సముద్రం మీద తేలే మంచుపలక మీదకి దిగి, డ్రిల్లుతో కన్నం పెట్టి, అందులోకి టేపు వదిలి, మందం ఎంతుందో కేకేసి చెప్పాలి. చిక్కేమిటంటే, నిలబడదామంటే గట్టి పలక దొరకట్లేదు. పెళ్ళి సంబంధం వెతికినట్టు వెతుకుతున్నాం. దూరం నుంచి చూస్తే తెల్లగా, నిండుగా ఉంటుంది, దగ్గరికెళితే లోపలంతా గుల్ల. మా కెప్టెనమ్మ ప్రతి పలకనీ చూసి పెదవి విరిచి, "పదండి, ఇంకోటి చూద్దాం" అంటుంది.

నాకు పై అధికారులు ఇద్దరు సైంటిస్టులు. ఒకాయన దేశంవాళ్ళు అందరికన్నా ముందు బొగ్గు కాల్చడం మొదలుపెట్టారు. రెండో ఆయన దేశంవాళ్ళు ఇప్పుడు అందరికన్నా ఎక్కువ కాలుస్తున్నారు. నేను వాళ్ళకి పాతపొగ, కొత్తపొగ అని పేర్లు పెట్టుకున్నాను. రోజూ భోజనాల బల్ల దగ్గర ఒకటే గోల. "మంచు కరగడం మొదలైంది మీ తాతల వల్ల." "ఇవాళ కరుగుతున్నది మీ వల్ల." చివరికి కోపం పట్టలేక ఇద్దరూ చెరి రెండు గిన్నెల ఐస్‌క్రీము లాగించి, చెరో తలుపు ధడాలున వేసుకుని పోతారు.

అన్నయ్యకి చెప్పు. నీ ఐసు ఫ్యాక్టరీ, వాడి డెలివరీ వ్యాను వదిలే పొగంతా తిన్నగా ఇక్కడికే వస్తోందని, ఇక్కడ మంచు కరిగించింది సాక్షాత్తూ వాడేనని నేను కనిపెట్టేశానని.

నీ ఆడపడుచు


ఐసు ఫ్యాక్టరీ, పై వాటా

ఆడపడుచుకి,

అన్నయ్యకి చెప్పమన్నావు. నాకా శ్రమ లేకుండా ఉత్తరం ఆయనే ముందు విప్పి చదివారు.

నేను కింద కంప్రెసర్‌తో కుస్తీ పడి పైకొచ్చేసరికి మనిషి కుర్చీలో కూలబడి ఉన్నారు. మంచినీళ్ళలో ఐసు ముక్క వేసి ఇస్తే, ఆ ముక్క వంక చూసి కళ్ళు మూసుకున్నారు. "నేనింత పని చేశాననుకోలేదే" అన్నారు. ఎవరో వ్యాను కింద పడ్డారేమోనని కిందికి పరుగెత్తబోయాను. తీరా చూస్తే నీ ఉత్తరం.

మీ అన్నయ్య సంగతి నీకు కొత్తా? తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే మనిషి. ఆమధ్య ఒక గేదె వ్యానుకి అడ్డం పడితే దిగి దాన్ని బతిమాలుకున్నారు. అలాంటి మనిషికి ధ్రువం కరిగించావని రాస్తావా?

మర్నాడు క్షవరానికి వెళ్ళారు. పక్క కుర్చీలో ఎవరో మామూలుగా "ఏం ఎండలండీ బాబూ, ఇలా మండిపోతోందేమిటి?" అన్నాట్ట. ఈయన మెడ చుట్టూ గుడ్డతో లేచి నిలబడి, "క్షమించాలి. నా వల్లేనండి" అన్నారట. మంగలి చేతిలో కత్తెర ఆగిపోయింది. కాసేపు అందరూ మొహాలు చూసుకున్నారు. తర్వాత ఏం జరిగిందో తెలుసా? అందరి మొహాలూ విప్పారాయట. ఇన్నాళ్ళకి దొరికాడురా అని. ఒకాయన దగ్గరికొచ్చి భుజం తట్టి, "పోన్లెండి, ఒప్పుకున్నారు. ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటున్నారు?" అన్నాట్ట.

వెంటనే అది వేళాకోళమని ఆయన పేర ఒక ముక్క రాసి పడేయ్. నేను చెబితే నమ్మట్లేదు. "చదువుకున్న పిల్ల, అబద్ధం రాస్తుందా?" అంటున్నారు.

నీ వదిన


ఓడ, భోజనాల గది
మంచు సముద్రం

వదినా,

నీ ఉత్తరం చదువుతూ నేను నవ్విన నవ్వుకి పాతపొగ సూపు ఒలకబోసుకున్నాడు. ఏమిటని అడిగితే కథంతా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. విని, ఈ ప్రయాణంలో మొదటిసారి ఒక మాట మీదకొచ్చారు. "అయితే మీ అన్నయ్యేనన్నమాట" అని ఇద్దరూ చేతులు కలిపారు. ఆ రాత్రి భోజనం ప్రశాంతంగా జరిగింది.

నువ్వేం కంగారుపడకు. అన్నయ్యకి ఇలాంటి జ్వరాలు వస్తూ ఉంటాయి. వారం తిరిగేసరికి ఇంకో పాపం దొరుకుతుంది, ఇది మర్చిపోతాడు. వేళాకోళానికే రాశానని నా మాటగా చెప్పు.

ఇక్కడ ఎట్టకేలకి ఒక పలక కుదిరింది. కెప్టెనమ్మ కూడా ఊఁ అంది. రేపు కన్నాలు మొదలు.

నీ ఆడపడుచు


ఐసు ఫ్యాక్టరీ, పై వాటా

ఆడపడుచుగారికి,

గారు ఎందుకు పెట్టానో ఉత్తరం పూర్తయ్యాక నీకే తెలుస్తుంది.

మీ అన్నయ్య జ్వరం తగ్గలేదు, ఊరికంతా అంటుకుంది. పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద జనం. ఒకావిడ పాలు విరిగిపోయాయని వచ్చింది. చెప్పుల షాపతను, కొట్టులో ఎండకి జిగురు కరిగి జోళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయని, ఆ ముద్ద మొత్తం పట్టుకొచ్చి మా బల్ల మీద పెట్టాడు. ఒక పెద్దమనిషి స్కూటరు సీటు కాలిందని, ఎక్కడ కాలిందో చూపించబోతే నేనే ఆపాను. ఈయన అందర్నీ కూర్చోబెట్టి, "నిజమేనండి, నిజమేనండి" అని విని, పోయేటప్పుడు తలా ఒక ఐసు ముక్క ఊరికే ఇచ్చి పంపుతున్నారు. అందుకోసమే కొందరు రెండోసారి వస్తున్నారు.

"వేళాకోళమని మీ చెల్లెలు రాసిందిగా" అంటే, "నా మనసు నొచ్చుకుంటుందని అలా రాసింది, పిచ్చిపిల్ల" అన్నారు. ఇంకేం చెప్పను?

ఇంతవరకూ నవ్వొచ్చింది. ఇప్పుడు రావట్లేదు. ఊళ్ళో ఎండలు ఎందుకు పెరుగుతున్నాయో, బాధ్యులెవరో తేల్చమని పురపాలక సంఘం ఒక విచారణ కమిటీ వేసింది. దానికి పెద్ద, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు. అది తెలిసిన మర్నాడే మా ఇంటిముందు తెల్ల కారు ఆగింది. ఊరవతల సిమెంటు ఫ్యాక్టరీ ఓనరు దిగాడు. బుట్టెడు పళ్ళు పట్టుకొచ్చాడు. మీ అన్నయ్యని కౌగిలించుకుని, "మీలాంటివాడు ఊరికొక్కడుంటే చాలండి!" అన్నాడు. చాలు మరి, ఆయనకి ఒక్కడే కదా కావాలి! వచ్చే నెలాఖరున ఆటస్థలంలో సభ పెట్టి, మీ అన్నయ్యకి పతకం వేస్తాడట. ఈయన మైకు ముందు నిలబడి ఈ ఎండలకి బాధ్యత తనదేనని చెప్పాలట. కమిటీని ముందు వరసలో కూర్చోబెడతాడట.

అర్థమైందా? ఆ ముక్క మైకులో పలికితే కమిటీ మన ఫ్యాక్టరీకి తాళం వేస్తుంది. పనివాళ్ళందరూ రోడ్డు మీద పడతారు. ఆయన చిమ్నీలు హాయిగా పొగ వదులుకుంటాయి. నేను అరిచాను, ఏడ్చాను, రెండు రోజులు మాట్లాడటం మానేశాను. "తప్పు చేసినవాణ్ణి, తప్పించుకుపోమంటావా?" అంటారు. మా నాన్న పెట్టిన ఫ్యాక్టరీ. నీ వేళాకోళం దాన్ని మింగేలా ఉంది.

మీ అన్నయ్య భార్య


ఓడ, కంట్రోలు గది
మంచు సముద్రం

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకే. వదిన పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

నువ్వు చెయ్యలేదని చెబితే నమ్మవు. సరే, చేశావు. ఎంత చేశావో లెక్క తీయించాను. పాతపొగనీ కొత్తపొగనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, తేలేదాకా ఐస్‌క్రీము లేదన్నాను. తేల్చారు. ఒక టన్ను పొగ గాల్లోకి వదిలితే, ఇక్కడ వేసవి చివర మిగలాల్సిన మంచులో సుమారు ఒక డబుల్ కాట్ మంచమంత పోతుంది. ఆ తెల్లటి మంచు ఎండని వెనక్కి కొట్టేది. అది పోయినచోట నల్లటి నీళ్ళు ఎండని తాగుతాయి. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది.

నీ వ్యాను ఏడాదికి ఐదు మంచాలు. ఫ్యాక్టరీ కరెంటుకి ఇంకో రెండొందల మంచాలు వేసుకో. అవి నీ ఒక్కడివే కావు, వదినవీ, ఆ ఐసు వాడుకునే చేపలవాళ్ళవీ, ఊళ్ళో అందరివీ. పాత కంప్రెసర్ మారిస్తే అందులో చాలా మంచాలు మిగులుతాయని కొత్తపొగ అన్నాడు.

ఆ సిమెంటు ఫ్యాక్టరీకి మంచాల లెక్క చాలదు. ఏటా మన బజారు, స్టేషను, ఆటస్థలం, చుట్టూ ఇళ్ళు అన్నీ కలిపినంత మంచు. మా ఓడ లెక్క కూడా తీశారు. మంచు ఎందుకు పోతోందో చూడ్డానికి వచ్చినవాళ్ళం, ఈ ఒక్క ప్రయాణానికే ఐదు ఆటస్థలాలు కరిగిస్తున్నాం. అంకె చూసి గదిలో అందరూ చెప్పుల వంక చూసుకున్నాం. కెప్టెనమ్మ లేచి వెళ్ళి ఐస్‌క్రీము మెషీను ప్లగ్గు పీకేసింది. ఓడలో తిరుగుబాటు వస్తుందేమోనని భయంగా ఉంది.

నీ ఐదు మంచాలూ నువ్వు మొయ్యి అన్నయ్యా. వద్దనను. ఊరంత మంచు నెత్తికెత్తుకుంటే మాత్రం, అది ఎవరిదో వాళ్ళు ఇంక ఎప్పటికీ ముట్టుకోరు.

నాకు కాస్త జలుబు చేసింది. ఇంకేం లేదు.

నీ చెల్లెలు


ఐసు ఫ్యాక్టరీ, పై వాటా

మా బంగారు ఆడపడుచుకి,

సభ అయింది. మొదట్నుంచీ చెబుతాను, అడ్డం రాకు.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి, జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగారు. టేపు పట్టుకుని మా మంచం కొలిచారు. సభరోజు పొద్దున, "వ్యాను నిండా ఐసు వెయ్యించు" అన్నారు. సిమెంటాయనే షర్బత్తుల కోసం ఐసు చెప్పి ఉన్నాడు గనక, అందుకేననుకున్నాను.

ఆటస్థలంలో షామియానా. ఫ్యాన్లు వేడిగాలిని ఇటునుంచి అటు తోస్తున్నాయి. ఊరు ఊరంతా వచ్చింది. సిమెంటాయన కోటు వేసుకుని స్టేజి మీద సింహాసనంలాంటి కుర్చీలో కూర్చున్నాడు. మీ అన్నయ్య మెడలో పతకం వేశారు. మైకు ఇచ్చారు.

"ధ్రువం దగ్గర మంచు నా వల్ల కరిగిన మాట నిజమేనండి" అన్నారు.

చప్పట్లు. సిమెంటాయన అందరికన్నా గట్టిగా కొట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఏడాదికి ఐదు మంచాలు."

చప్పట్లు ఆగిపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సర్దుకుని, "ఏం మంచాలు నాయనా?" అని అడిగారు. ఈయన నువ్వు రాసిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. "ఫ్యాక్టరీవి ఇంకో రెండొందలు ఉన్నాయండి, అందులో మా ఆవిడకీ వాటా ఉంది" అని నా వంక చెయ్యి చూపించారు. పదిమందిలో పరువు తీశారు. తీసి, "నా వాటా నేను మోస్తాను. మిగతావి ఎవరివి వాళ్ళు తీసుకోండి. వ్యానులో తెచ్చాను. చేతిలో పెడతాను, కరిగేదాకా పట్టుకుంటే చాలు" అన్నారు.

ఎవరూ కదల్లేదు. చివరికి మంగలి లేచాడు. "మా కొట్లో ఏసీ ఉందండి. మంచం అవుతుందా?" "ఒక మంచానికి కాస్త తక్కువ" అని ఈయన ఒక ముక్క కొట్టి ఇచ్చారు. మంగలి దాన్ని మెడ వెనక పెట్టుకుని, కళ్ళు మూసి, "హా..." అన్నాడు.

ఆ ఒక్క హా మైకులో వినపడింది. అంతే! ఆ ఎండలో, ఆ ఉక్కలో, షామియానా మొత్తం లేచింది.

"మాకు రెండు ఏసీలండీ! మాకు పెద్ద ముక్క రావాలి!"

"వాళ్ళ రెండోది పాడై రెండేళ్ళయింది, నమ్మకండి!"

"మేం సెలవలకి విమానంలో వెళ్ళొచ్చాం! పిల్లలతో సహా!"

"నేను ఖాళీ బస్సు తిప్పుతాను బాబూ, రోజూ తిప్పుతాను!"

జన్మలో ఎవరూ ఒప్పుకోని పనులన్నీ పోటీలు పడి ఒప్పుకున్నారమ్మా. హెడ్‌మిస్ట్రెస్ గారు, "వరసలో రండి, వరసలో! చేసింది చెప్పినవాళ్ళకే ఐసు!" అని గదమాయిస్తున్నారు. ఒక ముసలమ్మ వంతు వచ్చింది. "నాకు ఒక ఫ్యానే నాయనా, అది కూడా తిరగదు" అంది. "అయితే నీకు వాటా లేదమ్మా" అన్నారు ఈయన. ఆవిడ మొహం చిన్నబోయింది. "ఇంత బతుకు బతికి, నాకు ఏ పాపమూ లేదా?" అంది. మీ అన్నయ్య తన వాటాలోంచి విరిచి ఆవిడ చేతిలో పెట్టారు.

అందరూ అయ్యాక కూడా వ్యానులో సగానికి పైగా దిమ్మలు మిగిలాయి. "ఇవెవరివి?" అని అడిగారు హెడ్‌మిస్ట్రెస్ గారు. చెంపకి ఐసు ఆనించుకుని అందరూ స్టేజి వైపు తిరిగారు.

"నాకు చల్లటివి పడవు" అన్నాడు సిమెంటాయన.

మన పనివాళ్ళు ఆ మాట వినిపించుకోలేదు. దిమ్మలన్నీ మోసుకెళ్ళి ఆయన కుర్చీ చుట్టూ కోటగోడలా పేర్చారు. "ఇది మీ వాటాలో రవ్వంతేనండి. మిగతాది తేవాలంటే నా వ్యాను చాలదు" అన్నారు మీ అన్నయ్య, ఎంతో మర్యాదగా. ఆయన కోపంగా లేచి, గోడ దాటబోయి, తడిసిన చెక్కల మీద కాలు జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే స్టేజి చివరిదాకా సర్రున జారుకుంటూ వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ గారి ఎదురుగా ఆగాడు.

"మీ అంతట మీరే ముందుకొచ్చారు, సంతోషం. చెప్పండి" అన్నారావిడ.

కమిటీ తీర్పు నిన్న వచ్చింది. మనం కంప్రెసర్ మార్చాలి. మారుస్తాను, దాంతో నాకూ పడట్లేదు. ఏసీలున్నవాళ్ళకి వేరే చీవాట్లు ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ పాత బట్టీ ఆర్పేయాలి. ఆయన ఆర్పుతానన్నాడట గాని, ఎప్పుడో చెప్పలేదు. ఇవాళ్టికీ పొగ వస్తూనే ఉంది.

జలుబుకి ఆవిరి పట్టు.

నీ వదిన


ఓడ, నా గది
మంచు సముద్రం

వదినా,

నీ ఉత్తరం భోజనాల గదిలో గట్టిగా చదివాను. సిమెంటాయన జారిన చోట మూడుసార్లు చదివించారు. కొత్తపొగ బల్ల మీద తలపెట్టి నవ్వాడు.

మేం తిరిగి బయల్దేరుతున్నాం గనక ఇప్పుడు చెప్పొచ్చు. నాది జలుబు కాదు. మాకు కుదిరిన పలక ఉందే, కెప్టెనమ్మ ఊఁ అన్నది, నాలుగో కన్నం పెడుతుంటే అది నా కాళ్ళ కింద విరిగింది. నీళ్ళలో పడ్డాను. ఆ చలి చెప్పడానికి మాటలు లేవు. పాతపొగ మంచు మీద బోర్లా పడుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కాళ్ళు కొత్తపొగ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. నన్ను పైకి తెచ్చి, కోట్లు విప్పి చుట్టి, నా పళ్ళు టకటకా కొట్టుకుంటుండగానే మొదలుపెట్టారు. "మంచు ఇంత పలచబడింది మీ తాతల వల్లే." "ఇవాళ పలచబడింది మీ వల్ల." నేను వాళ్ళ మధ్యలో దుప్పట్ల మూటలా కూర్చుని, ఇంకాసేపు కొట్టుకోండి నాయనా అనుకున్నాను. వినపడుతోందంటే బతికున్నట్టేగా.

అన్నయ్యకి నెమ్మదిగా చెప్పు. తనే తోశానంటాడేమో.

నీ ఆడపడుచు


ఐసు ఫ్యాక్టరీ, పై వాటా

అమ్మలూ,

ముందు నువ్వు క్షేమంగా ఇల్లు చేరు. తిట్లు ఎదురుగా తిడతాను. కొన్ని దాచి ఉంచాను.

మీ అన్నయ్యకి నెమ్మదిగానే చెప్పాను. "నా వల్లే" అంటారని నీళ్ళగ్లాసు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. అనలేదు. మొహం ఎర్రబడింది. వ్యాను కూడా తీయకుండా నడుచుకుంటూ తిన్నగా సిమెంటాయన ఇంటికి వెళ్ళారు. నేను వెనకాల పరుగు. గేటు దగ్గర నిలబడి అరిచారమ్మా! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు.

"మా చెల్లెలు నీళ్ళలో పడింది! కాళ్ళ కింద మంచు లేక పడింది! నా ఐదు మంచాలూ నేను తగ్గించుకుంటున్నాను. మీ ఊరంత మంచు ఎప్పుడు తగ్గిస్తారు? ఆ బట్టీ ఎప్పుడు ఆర్పుతారు? ఈ రోజా, రేపా?"

సిమెంటాయన బాల్కనీలోకి వచ్చి, ఈయన్ని చూసి, లోపలికి పోయి తలుపేసుకున్నాడు. వీధంతా చూసింది.

ఇంటికొచ్చారు. నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, "మరీ గట్టిగా అరిచానంటావా? పాపం, లోపల భోజనం చేస్తున్నాడేమో" అని చెప్పుల కోసం చూశారు, క్షమాపణ చెప్పడానికి. నాకు ముందే తెలుసు. రెండు చెప్పులూ పట్టుకెళ్ళి, కింద దిమ్మలు గడ్డకట్టించే నీళ్ళ డబ్బాలో పడేశాను.

ఇవాళ పొద్దున మేడమీదకెళ్ళి చూద్దును కదా, పాత బట్టీ చిమ్నీ ఖాళీ. పొగ లేదు. ఆ చిమ్నీ వెనకాల అంత ఆకాశం ఉందని నాకిన్నాళ్ళూ తెలీదు. ఈయన్ని పిలిచి చూపించాను. చాలాసేపు చూశారు. కళ్ళు తుడుచుకుని, "నా చెప్పులేవే?" అన్నారు.

"క్షమాపణకైతే ఇవ్వను."

"కాదే, వెళ్ళి థాంక్స్ చెప్పొస్తాను."

"దానికీ ఇవ్వను. అది ఆయన చెయ్యాల్సిన పనే."

ఎక్కడున్నాయో చెబితే కిందికి పరుగెత్తారు. చెప్పులు రెండూ ఐసు దిమ్మ నడిమధ్యలో, అద్దాల బీరువాలో పెట్టినట్టు ఉన్నాయి. దిమ్మని నీడలోకి లాక్కుని, దాని ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. ఎండలో పెడితే త్వరగా వస్తాయి కదా అని పనివాళ్ళు అంటుంటే, "వద్దు, దాని మానాన దాన్ని కరగనివ్వండి, నేను కరిగించను" అన్నారు.

నీ వదిన